బొటనవేలి కింది వరుస

ప్రాణం మీదికొస్తే గంట కొట్టాల్సిన యాప్‌ని పొద్దున్న ఏడూ పన్నెండుకే ఎవరో మూసేశారని ఆమెకి తెలిసేసరికి, మొగుడు లిఫ్టు గోతిలో ఇరుక్కుని నాలుగున్నర గంటలైంది. మొగుడి చేత పని చేయించే లిఫ్టు కంపెనీ మేస్త్రీ, ట్యాబ్‌ని రెండు చేతులా పట్టుకుని ఆమె కళ్ళ ముందుకు చాపాడు. తెర మీద ఆమె మొగుడి ఫోను నంబరు. దానికి కాస్త కింద ఒకే ఒక్క వరుస: యాప్ మూసివేత, 7:12. ఆ వరుస పైన మేస్త్రీ బొటనవేలు, గోటి చుట్టూ ఏళ్ళ తరబడి గ్రీజు ఇంకిపోయిన లావుపాటి వేలు. "ఫోను పది నిమిషాలు కదలకపోతే ఆఫీసులో గంట మోగాలి కదమ్మా. మోగలేదు. ఎందుకా అని చూస్తే ఇదీ సంగతి," అన్నాడు. అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "మీ ఇంట్లో ఎవరికైనా ఫోనులో అన్నీ మూసేసే అలవాటుందా?" ఆమె తల దానంతటదే ఊగింది. ఉంది. నాకుంది. నాకే ఉంది.

తల ఊపాక గానీ ఆ ఊపుకి అర్థమేమిటో తెలియలేదు. ఎదురుగా రెండు స్టీలు తలుపులు, వాటి మీద మసకగా తన నీడే. తలుపులకి అడ్డంగా పచ్చ గీతల ప్లాస్టిక్ పట్టీ, దాని పక్కన "పని జరుగుతోంది, పక్క లిఫ్టు వాడండి" అన్న బోర్డు. ఆ బోర్డు అతనే పెట్టి ఉంటాడు, పొద్దున్న తొమ్మిదింటికి, ఎప్పటిలాగే గోడకి సమంగా సర్ది. ఇంట్లో చెప్పులు కూడా అలాగే సర్దుతాడు, మూలమట్టం పెట్టి కొలిచినట్టు. పక్క లిఫ్టు టింగుమంది. మెడలో గుర్తింపు కార్డులు వేసుకున్న నలుగురు బయటికొచ్చి, ఫైర్ వాళ్ళ హెల్మెట్లు చూసి, ఆమెని చూసి, నవ్వు సగంలో ఆపేసుకుని గోడ పక్కనుంచి జారుకున్నారు. ఒకామె చేతిలో కాఫీ కప్పు. ఆ కప్పు లోంచి ఆవిరి. మనుషులు ఇంకా కాఫీలు తాగుతున్నారా? గోతిలో మనిషి ఉన్నాడు. లిఫ్టు పెట్టె అతని మీదికి దిగి ఉంది. దాన్ని ఒక్కసారిగా లేపితే కాలు ఉంటుందో పోతుందో, ప్రాణం ఉంటుందో పోతుందో తెలియదట, అందుకని గొలుసు కప్పీ వేసి వేలెడు వేలెడు చొప్పున లాగుతున్నారు. కట్ కట్ కట్ అని గొలుసు పళ్ళు పట్టే చప్పుడు. ఆగుతుంది. "ఆగు ఆగు" అని కింద నుంచి ఎవరో అరుస్తారు. మళ్ళీ కట్ కట్. పలుకుతున్నాడా అని ఆమె ఇప్పటికి మూడుసార్లు అడిగింది. "వెన్ను మాత్రమే కనిపిస్తోందమ్మా, ఇంకా చెయ్యి అందలేదు" అని మూడుసార్లూ అదే జవాబు.

అందలేదు. కానీ ఫోను మోగింది. అదే కదా ఆమెని ఇక్కడిదాకా పరిగెత్తించింది. రోజూ పన్నెండున్నరకి బేకరీలో మధ్యాహ్నం విరామం. పొయ్యి సన్నం చేసి, పిండి చేతులు ఏప్రాన్‌కి తుడుచుకుని ఫోను చేస్తుంది. "తిన్నారా?" "తింటున్నా." "అబద్ధం, నోట్లో మెతుకు లేదు." "వినపడుతోందా ఏంటి నీకు?" ఇంతే, పెళ్ళయిన పదకొండేళ్ళుగా ఇవే నాలుగు ముక్కలు. ఇవాళ మోగి మోగి ఆగిపోయింది. మళ్ళీ చేసింది, మోగింది. చార్జింగ్ అయిపోతే స్విచ్ ఆఫ్ అని చెబుతుంది కదా, మోగుతోందంటే ఫోను బతికే ఉంది. ఫోను బతికుండి మనిషి ఎత్తకపోతే? ఆ ఆలోచన వచ్చాకే ఆఫీసుకి చేసింది. ఇక్కడికొచ్చి ఈ తలుపుల ముందు నిలబడి, ఏం చేస్తోందో తెలియకుండానే ఇంకోసారి నొక్కింది. స్టీలు తలుపుల వెనక, కింద, ఎక్కడో లోతులో, వాళ్ళ బుజ్జిది రికార్డు చేసి పెట్టిన గొంతు వినిపించింది: "నాన్నా ఫోనెత్తు! నాన్నా ఫోనెత్తు!" ఫైర్ అతను వెనక్కి తిరిగి "ఎవరు చేస్తున్నారు, ఆపండి" అని కసిరాడు. ఆమె ఆపింది. చెవుల్లో అది మాత్రం ఆగలేదు.

ఎంత చార్జింగ్ ఉండుంటుంది ఇప్పుడు? అరవై? డెబ్బై? అంత మిగిల్చింది ఎవరనుకున్నారు, తనే. రోజూ డబ్బా మూతపెట్టి, నీళ్ళ సీసా పక్కన పెట్టి, అతను బూట్ల లేసులు కట్టుకునేలోపు ఫోను తీసుకుంటుంది. కింద నుంచి పైకి ఒక్క తోపు. పేకముక్కల్లా వరసగా నిలబడ్డవన్నీ ఒక్కొక్కటిగా ఎగిరిపోతాయి. వార్తలది, పాటలది, వాతావరణానిది. చీపురుతో గడప ఊడ్చినట్టే, చేతికి సుఖంగా ఉంటుంది. అతను నవ్వేవాడు. "మా ఆవిడ ఫోనుకి కూడా కళ్ళాపి చల్లుతుంది." నవ్వితే నవ్వండి, మధ్యాహ్నానికి చచ్చిపోకుండా ఉంటుంది అనేది. అవును, ఆ మాటే అనేది. చచ్చిపోకుండా. ఫోను గురించి అనేది.

ఈ జబ్బు ఊరికే రాలేదు. రెండేళ్ళ కింద బుజ్జిది బడిలో మెట్ల మీంచి పడి మోచేయి విరగ్గొట్టుకున్న రోజు, ఎముకల డాక్టరేమో పిల్ల తండ్రి సంతకం కావాలన్నాడు, అతని ఫోను స్విచ్ ఆఫ్. పదకొండు నుంచి సాయంత్రం అయిదు దాకా స్విచ్ ఆఫ్. ఏ భవనంలో ఉన్నాడో, ఏ అంతస్తులో ఉన్నాడో. పిల్ల బల్ల మీద పడుకుని "నాన్నకి తెలుసా" అంటుంటే, ఆమె తన ఫోనుని గుప్పిట్లో పిసుకుతూ వరండా ఈ చివరి నుంచి ఆ చివరికి నడిచింది. ఆ మర్నాటి నుంచే మొదలుపెట్టింది ఈ ఊడుపు. భయంతో మొదలైంది, అలవాటై కూర్చుంది. తమ్ముడు ఫోన్ల దుకాణంలో పనిచేస్తాడు, వాడు చెబుతూనే ఉన్నాడు. "అక్కా, వెనకాల ఉన్నవి నిద్రపోతుంటాయే. నిద్రపోయేవాడు కంచం అడగడు. నువ్వు వాణ్ణి చంపి, మళ్ళీ పుట్టించి, మళ్ళీ నడక నేర్పిస్తే అప్పుడు అవుతుంది ఖర్చు." "మరి కొన్ని నిద్రపోవుగా?" "పోవు. దారి చూపేవి, కాపలా కాసేవి, అవి మేలుకునే ఉంటాయి, కాస్త తింటాయి. కాపలావాడికి కూడు దండగని గెంటేస్తావా?" ఆమె వాణ్ణి "పెద్ద చెప్పొచ్చావు, నీ ఫోనే రెండుపూటలా గోడకి వేలాడుతుంటుంది" అని తీసిపారేసింది. కాపలావాడు. ఆ మాట వాడే అన్నాడు. తనే వినలేదు.

వినకపోవడానికి తనకేం తెలియదా? తను పొయ్యిల దగ్గర పనిచేసే మనిషి. ఒక వాయి రొట్టెలు తీశాక పొయ్యి ఆర్పేస్తే, రెండో వాయికి అది మళ్ళీ ఎర్రబడేసరికి ముప్పావుగంట, సిలిండరు సగం. సన్నం చేసి ఉంచితే ఏమీ కాదు. కొత్తగా చేరిన అమ్మాయి పొదుపనుకుని ఆర్పేస్తే "నీ పొదుపు పాడుగానూ" అని తనే తిట్టింది. మొగుడూ చెప్పాడు, లిఫ్టు నడిచేటప్పుడు లాగే కరెంటు వేరు, నిలబడ్డ లిఫ్టు మొదటిసారి కదలడానికి లాగే కరెంటు వేరు, అది అయిదారింతలు ఉంటుందని. పొయ్యి గురించి తెలిసింది, మోటారు గురించి తెలిసింది, అరచేతిలో ఇమిడే ఫోను దగ్గరికొచ్చేసరికి బుద్ధి గడ్డి తిన్నది. కట్ కట్ కట్. ఆగు ఆగు. ఎందుకాపారు? ఏం కనిపించింది?

ఏం లేదు, గొలుసు సర్దుతున్నారు. మేస్త్రీ ఆమె పక్కకొచ్చి నిలబడ్డాడు. "కూర్చోమ్మా, మంచినీళ్ళు తాగు." నీళ్ళ సీసా తెచ్చాడు, మూత తిప్పి ఇచ్చాడు. మంచివాడు. తన మొగుడు చేరిన కొత్తల్లో ఈయనే పని నేర్పాడట, లిఫ్టు తాడు మీద చెయ్యి పెట్టి అరుగుదల చెప్పడం నేర్పాడట. పెళ్ళికి వచ్చి గోడగడియారం ఇచ్చాడు. "నీ తప్పు కాదులేమ్మా," అంటున్నాడిప్పుడు. "ఆడవాళ్ళకి అన్నీ తెలియాలని ఏముంది. పైవాళ్ళు అడిగినా నేనే సర్దిచెబుతాను." ఆ ఓదార్పు చెంపదెబ్బ కంటే గట్టిగా తగిలింది. నీ తప్పు కాదు అంటున్నాడంటే తప్పు తనదే. పైవాళ్ళు అడుగుతారు. కాగితం మీద రాస్తారు. భార్య మూసెను అని రాస్తారా? సాయంత్రం నాలుగింటికి బుజ్జిది వస్తుంది, సంచీ సోఫాలో విసిరేసి "నాన్నేడీ" అంటుంది. ఏం చెప్పాలి? మీ నాన్న ఫోను చార్జింగ్ మిగిల్చానే, మీ నాన్నని మిగల్చలేదే అనా? దానికిప్పుడు ఎనిమిదేళ్ళు. పద్దెనిమిది వస్తాయి. ఎప్పుడో ఏదో కసురుకున్నప్పుడు, మనసులో పెట్టుకున్న ఆ ఒక్క మాట పైకి అంటుంది. నువ్వే కదా.

గుర్తు తెచ్చుకో. పొద్దున్న ఏం జరిగిందో సరిగ్గా గుర్తు తెచ్చుకో. గుడ్లు ఉడికాయి. తొక్క తీస్తుంటే వేలు కాలింది. అతను జుట్టు దువ్వుకుంటూ "నా నీలం చొక్కా ఏదీ" అన్నాడు, ఒంటి మీదున్నదేంటి అంది, చూసుకుని ఇద్దరూ నవ్వారు. ఫోను ఫ్రిజ్ మీద ఉంది. తీసింది. తోసింది. పసుపురంగు బొమ్మ ఉందా వాటిలో, ఆ లిఫ్టు కంపెనీ యాప్ బొమ్మ? కళ్ళు చూశాయా? చూడలేదు. చెయ్యే చూసింది, చేతికి కళ్ళెక్కడివి. వంటింటి గడియారం ఏడుంబావు దాటుతోంది. అతను గడప దిగాడు, కిటికీలోంచి వీపు కనిపించింది, సంచీ పట్టీ మెలిపడి ఉంది, సరిచేద్దామనుకుని ఊరుకుంది. పిల్లని లేపాలి కదా. గడియారం పెద్దముల్లు మూడు దాటి. ఏడుంబావు దాటి అతను వెళితే ఏడూ పన్నెండుకి ఫోను తన చేతిలోనే. సరిగ్గా సరిపోయింది. అనుమానానికి కూడా చోటు లేకుండా ముల్లు వచ్చి తన మీదే ఆగింది. ఆ గడియారం కూడా ఈ మేస్త్రీ ఇచ్చిందే. పిల్ల బడి బస్సు రెండుసార్లు తప్పిపోయిందని ఇరవై నిమిషాలు ముందుకి తిప్పి పెట్టాడు ఆమె మొగుడు.

ఇరవై నిమిషాలు ముందుకి.

నీళ్ళ సీసా చేతిలోంచి జారింది. నేల మీద నీళ్ళు పాకుతూ పచ్చ పట్టీ కిందనుంచి స్టీలు తలుపుల దాకా వెళ్ళాయి. ఆమె అవి చూస్తోంది గానీ చూడటం లేదు. వంటింట్లో ఏడుంబావు దాటిందంటే బయట లోకంలో ఇంకా ఏడు కాలేదు. ఏడు కాకముందే అతను గడప దిగాడు. సందు చివర బడ్డీ దగ్గర బండి తీస్తే కంపెనీ యార్డుకి అయిదు నిమిషాలు. ఏడుంబావుకల్లా అందరూ పనిచోట్లకి బయల్దేరాలని ఏడూ అయిదుకి యార్డులో హాజరు. ఏడూ పన్నెండుకి అతని ఫోను ఫ్రిజ్ మీద లేదు, తన చేతిలో లేదు, ఇంట్లోనే లేదు. యార్డులో ఉంది. యార్డులో. అక్కడ డ్యూటీ మొదలవగానే ఎవరి యాప్ వాళ్ళు తెరిచి, ఆకుపచ్చ చుక్క వచ్చిందని చూపించాలి. తను పొద్దున్న మూసినా మూయకపోయినా, అక్కడ అది మళ్ళీ తెరుచుకునే ఉంటుంది. మరి దాన్ని మూసిందెవరు?

ఎప్పుడో పోయిన ఎండాకాలం, మేడ మీద బట్టలు మడత పెడుతూ, అతను అన్న మాట ఇప్పుడు ఎక్కణ్ణుంచో తేలుతూ వచ్చింది. "మా మేస్త్రీకి కూడా నీ జబ్బే పట్టుకుందోయ్. రోజూ హాజరవగానే పదిమంది ఫోన్లూ బల్ల మీద పెట్టిస్తాడు. తనే ఒక్కోటీ తీసి ఊడ్చేస్తాడు. చవక ఫోన్లురా, సాయంత్రం దాకా రావాలంటే పొద్దున్నే కడుపు కడగాలి అంటాడు. మీరిద్దరూ కలిసి ఒక దుకాణం పెట్టండి." ఆమె అప్పుడు పగలబడి నవ్వింది. మీ మేస్త్రీ తెలివైనవాడు, మీలాంటి మొద్దు కాదు అని కూడా అంది. మేస్త్రీ తెలివైనవాడు. మేస్త్రీ పక్కనే ఉన్నాడు. ఒంగి తన జేబురుమాలుతో నేల మీద నీళ్ళు అద్దుతున్నాడు. అరవై దగ్గరపడ్డ మనిషి, మోకాళ్ళ మీద, ఎవరూ అడగకుండానే. ట్యాబ్ మాత్రం చంకలో భద్రంగా ఉంది.

ఆమె గొంతు ఆమెకే కొత్తగా వినిపించింది. "మేస్త్రీ గారూ, అది ఇంకోసారి చూపించండి."

"ఏముందమ్మా అందులో, చూశావుగా."

"చూపించండి."

చూపించాడు. అదే వరుస, 7:12. దాని పైన అదే బొటనవేలు, అదే చోట, మేకు కొట్టినట్టు. ఇందాక చూసినప్పుడు కూడా అక్కడే ఉంది. ట్యాబ్ పట్టుకునేవాడి వేలు అంచు మీద కదా ఉంటుంది, తెర మధ్యకెందుకొచ్చింది? ఆమె ఆ గోటినే చూసింది. గోటి చుట్టూ నలుపు. పదిహేనేళ్ళు ఆ చెయ్యి ఆమె మొగుడికి పని నేర్పింది, తాళ్ళు తడమడం, చప్పుడు వినడం, పెట్టె కింద నిలబడేముందు ఆపు మీట రెండుసార్లు చూసుకోవడం. "వేలు తియ్యండి," అంది. ఆయన తియ్యలేదు. కళ్ళు ఎత్తలేదు. వేలిని ఇంకాస్త గట్టిగా అదిమాడు, దాని కింద ఏం రాసుందో ఒక్క అక్షరం కూడా కనిపించకుండా. కట్ కట్ కట్ కట్. ఈసారి "ఆగు" అని ఎవరూ అనలేదు. కట్ కట్ కట్. ఏదో బరువుగా గోడకి రాసుకున్న చప్పుడు. ఆ తరవాత గొలుసు ఆగింది. ఆమెకి ఆ క్షణంలో మేస్త్రీ గుర్తులేడు, యాప్ గుర్తులేదు. ఆ సంచీ పట్టీ మెలి ఒక్కటే కళ్ళకి కట్టింది, పొద్దున్న సరిచెయ్యనిది. ఒక్క అడుగు వేసి ఉంటే అందేది. వెయ్యలేదు. పిల్లని లేపాలని ఊరుకుంది.

"ఊపిరుంది!" గోతిలోంచి కేక. "మనిషి ఉన్నాడు! కాలు నలిగింది, ఊపిరుంది! స్ట్రెచర్!"

ఆమె ఎప్పుడు కదిలిందో, పట్టీని ఎప్పుడు తెంపిందో తెలియదు. ఫైర్ అతను అడ్డంగా చేతులు చాపి ఆపాడు. నిలువునా తెరిచిన తలుపుల మధ్య ముందు హెల్మెట్ వచ్చింది, తరవాత ఇనుప బద్దల స్ట్రెచర్, దాని మీద సిమెంటు దుమ్ము పట్టిన నీలం చొక్కా. ముఖం బూడిదలా ఉంది. పెదాలు పగిలాయి. కళ్ళు సగమే తెరిచాడు, వెలుగుకి మూశాడు, మళ్ళీ తెరిచాడు, ఆమె ఉందని చూశాడు. నోరు కదిలింది. ఆమె ఒంగింది. "మోగుతూనే ఉంది," అన్నాడు, వినీవినపడకుండా. "నువ్వేనని తెలుసు. చెయ్యి రాలేదు." ఆమె అతని చొక్కా గుండెజేబు మీద చెయ్యి పెట్టింది. ఫోను అక్కడే ఉంది, వెచ్చగా. పైకి లాగి చూసింది, తెర మీద అరవై ఆరు శాతం.

స్ట్రెచర్‌ని అంబులెన్స్ వైపు తిప్పుతున్నారు. ఆమె దాని వెంట ఒకడుగు వేసింది. వెనక నుంచి కొంగు పట్టి లాగినట్టు ఒక గొంతు ఆపింది. మేస్త్రీ గోడకి ఆనుకుని కూర్చుని ఉన్నాడు, మోకాళ్ళ మీద ట్యాబ్. బొటనవేలు తీసేశాడు. దాని కింద దాగిన వరుస ఇప్పుడు బయటపడింది: యాప్ తెరవడం, యార్డు, 7:06. ఆయన దాన్ని చూస్తూనే మాట్లాడాడు, ఆమెతోనో, స్ట్రెచర్ మీది మనిషితోనో, తనతోనో.

"నేనేనమ్మా మూసింది. ఇవాళ ఒక్కరోజు కాదు, ఏడాది నుంచీ రోజూ పది ఫోన్లూ నేనే ఊడుస్తాను, ఆ ఒక్క పసుపు బొమ్మని మాత్రం వదిలేసేవాణ్ణి. దాన్ని ముట్టుకోవద్దని కాగితం వచ్చింది, చదివాను, సంతకం కూడా పెట్టాను. ఇవాళ చేతిలో ఇంకో ఫోను మోగుతోంది, ఒక చెవి అక్కడ పెట్టి, రెండో చేత్తో కిందున్న 'అన్నీ మూయి' నొక్కుకుంటూ పోయాను. పదికి పదీ. తొమ్మిదింటికి ఆఫీసులో చూస్తే పది చుక్కలూ బూడిదరంగులో ఉన్నాయి, సిగ్నల్ పోయిందిలే అనుకుని కాఫీకి లేచాను. నువ్వు ఫోను చేశాక తెలిసింది. ఇక్కడికి బయల్దేరేముందు మిగతా తొమ్మిదిమందికీ చేసి, యాప్ తెరవండిరా అని చెప్పే వచ్చాను. అంటే నిన్నా ప్రశ్న అడిగేటప్పటికే నాకు తెలుసు. నువ్వు తల ఊపావు. నువ్వట్లా ఊపుతావని అనుకోలేదమ్మా, కానీ ఊపాక, హమ్మయ్య అనిపించింది. ఇంకో మాట కూడా విను, ఇది కూడా చెప్పకపోతే నేను మనిషిని కాను. ఊపిరుందని కేక వచ్చింది కాబట్టి నాకు నోరొచ్చింది. ఆ కేక ఇంకోలా వచ్చుంటే, ఈ వేలు తీసేవాణ్ణి కాదు."